ఆర్డర్ ఇచ్చింది తండ్రి.. ఎక్కింది కొడుకు! ఆరో నిజాం 'సింహాసన కారు' వెనుక అసలు కథ

హైదరాబాద్: పాత కారు బాడీ ఒకటి సంపాదించడం.. దాన్ని షెడ్డులో పెట్టించడం.. ఇంజిన్, సీట్లు, పెయింట్ అన్నీ తన టేస్ట్‌కు తగ్గట్టు చేయించుకోవడం.. నెలలు కాదు, ఏళ్లు గడిచినా ఓపిగ్గా ఎదురుచూడటం. ఇప్పుడు కుర్రాళ్లలో ఈ పిచ్చి మామూలుగా లేదు. అమెరికా మజిల్ కార్లను నట్టు నట్టుగా విప్పి మళ్లీ కట్టే వీడియోలకు మన దగ్గర కూడా వ్యూస్ బాగానే వస్తున్నాయి. అయితే ఇదేదో కొత్త ట్రెండ్ అనుకుంటే పొరపాటే. 113 ఏళ్లకు పైగా వెనక్కి వెళ్తే, మన హైదరాబాద్ నుంచే ఓ పెద్దమనిషి లండన్‌లోని ఓ కారు బాడీల షాపుకు ఇలాంటి ఆర్డరే ఇచ్చారు. మామూలు ఆర్డర్ కాదు.. కారులో సింహాసనం కావాలన్నారు!

ఆ పెద్దమనిషే ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. జనం నోట మహబూబ్ అలీ పాషా. కారు తయారైంది, సముద్రం దాటి హైదరాబాద్ చేరింది, ఇప్పటికీ పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. కానీ దాన్ని ఆర్డర్ ఇచ్చిన మనిషి మాత్రం ఒక్కసారి కూడా అందులో కూర్చోలేదు. అసలు కళ్లారా చూడనే లేదు.

రామంతాపూర్, హబ్సిగూడ, తార్నాక వాళ్లకు ఆయన కొడుకు పేరు బాగా తెలుసు. రోజూ ఆ పేరు మీదున్న యూనివర్సిటీ పక్కనుంచే వెళ్తుంటారు కాబట్టి. ఉస్మానియా క్యాంపస్ ఉస్మాన్ అలీ ఖాన్ గుర్తు. మరి తండ్రి ఎవరు? ఎలా బతికారు? సింహాసనాన్ని చక్రాల మీద పెట్టించుకోవాల్సిన అవసరం ఆయనకు ఎందుకొచ్చింది?

రెండున్నరేళ్లకే రాజు

మహబూబ్ అలీ ఖాన్ పుట్టింది 1866 ఆగస్టులో, పురానీ హవేలీలో. తండ్రి ఐదో నిజాం అఫ్జల్ ఉద్దౌలా 1869 ఫిబ్రవరిలో చనిపోయారు. అప్పటికి పిల్లాడి వయసు రెండున్నరేళ్లు. మాటలు సరిగ్గా రాని వయసులోనే దేశంలో అతిపెద్ద సంస్థానానికి రాజైపోయాడన్నమాట. పాలన మాత్రం దివాన్ మొదటి సాలార్ జంగ్, ఆయనతో పాటు పాయిగా వంశానికి చెందిన షంసుల్ ఉమ్రా చేతుల్లో నడిచింది. వాళ్ల నెత్తిన బ్రిటిష్ రెసిడెంట్ ఉండనే ఉన్నారు.

అంతకుముందు నిజాంలకు లేని ఓ అనుభవం ఈ పిల్లాడికి దక్కింది. ఇంగ్లిష్ చదువు. ఇంగ్లండ్ నుంచి ట్యూటర్లను రప్పించారు. ఉర్దూ, ఫార్సీతో పాటు ఇంగ్లిష్ నేర్పారు. గుర్రపు స్వారీ, తుపాకీ సరేసరి. పడమటి దేశాల వస్తువుల మీద ఆయనకు పెద్దయ్యాక కనిపించిన మోజుకు బీజం ఇక్కడే పడిందనుకోవచ్చు.

1883 ఫిబ్రవరిలో సాలార్ జంగ్ కలరాతో హఠాత్తుగా కన్నుమూశారు. మరుసటి ఏడాది, 1884 ఫిబ్రవరి 5న వైస్రాయ్ లార్డ్ రిపన్ స్వయంగా హైదరాబాద్ వచ్చి పద్దెనిమిదేళ్లు కూడా నిండని మహబూబ్‌కు పూర్తి అధికారాలు అప్పగించారు. పేరుకు 'పూర్తి' అధికారాలే. ఆ మాట ఎంతవరకు నిజమో తర్వాత తెలిసొచ్చింది.

వేసిన డ్రెస్ మళ్లీ వేసేవారు కాదట!

ఆయన గురించి హైదరాబాద్‌లో ఎవరిని అడిగినా ముందు చెప్పేది బట్టల కథే. ఒకసారి వేసుకున్న దుస్తులు మళ్లీ వేసుకునేవారు కాదని అంటారు. అది అక్షరాలా నిజమో కాదో గానీ, పురానీ హవేలీలోని ఆయన వార్డ్‌రోబ్ మాత్రం కళ్ల ముందే ఉంది. గది కాదది.. పొడవాటి హాలు! రెండు అంతస్తులుగా, రెండు వైపులా వరసగా వందకు పైగా చెక్క అల్మారాలు. పై అంతస్తుకు వెళ్లడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్ట్ ఒకటి. ఇప్పుడు అది నిజాం మ్యూజియంలో భాగం. ఒక మనిషి బట్టల కోసం అంత చెక్క వాడారా అని నోరెళ్లబెట్టకుండా బయటికొచ్చేవాళ్లు తక్కువే.

వేట అంటే ప్రాణం. కనీసం ముప్పై పులులను కొట్టారని లెక్క చెబుతారు. అందుకే 'తీస్ మార్ ఖాన్' అనే పేరు ఆయనకు అతికిపోయింది. ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ తీసిన చిత్రాల్లో చచ్చిన పులుల పక్కన తుపాకీతో నిలబడిన సన్నటి మనిషి ఈయనే. ఇప్పటి కళ్లతో చూస్తే ఆ ఫొటోలు గొప్పగా ఏమీ అనిపించవు. అప్పట్లో మాత్రం రాజు ధైర్యానికి అదే సర్టిఫికెట్.

కవిత్వమూ ఉంది. 'ఆసఫ్' పేరుతో ఉర్దూలో రాసేవారు. ఢిల్లీ నుంచి వచ్చిన ప్రసిద్ధ కవి దాగ్ దెహ్లవీ ఆయనకు ఉస్తాద్. దాగ్ 1905లో చనిపోయేదాకా హైదరాబాద్‌లోనే ఉన్నారు, ఇక్కడి మట్టిలోనే కలిశారు.

ఇక పాము కాటు సంగతి. తమకు పాము కరిచిందని ఎవరైనా మహబూబ్ పాషా పేరు తలిస్తే విషం దిగిపోతుందని జనం నమ్మేవారు. అర్ధరాత్రి అయినా సరే, పాము కాటు కేసు వస్తే తనను లేపమని ఆయన ఆజ్ఞ ఇచ్చారని చెప్పుకుంటారు. వైద్యం సంగతి పక్కన పెడితే.. ఒక రాజు తలుపు ఏ వేళ కొట్టినా తీస్తారనే నమ్మకం జనంలో ఉండటం చిన్న విషయం కాదు.

వైద్యం అంటే గుర్తొచ్చింది. ఆపరేషన్లకు ముందు మత్తు కోసం వాడే క్లోరోఫాం గుండెను ఆపేస్తుందా, ఊపిరిని ఆపేస్తుందా అని ప్రపంచమంతా కొట్టుకుంటున్న రోజుల్లో, దాని మీద పరిశోధనకు డబ్బు పెట్టింది మహబూబ్ అలీ ప్రభుత్వమే. డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888, 1889లో జరిగిన 'హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు' లండన్ వైద్య పత్రికల దాకా వెళ్లాయి. వాళ్లు తేల్చిన విషయం తర్వాత తప్పని రుజువైంది.. అది వేరే సంగతి.

వజ్రం దెబ్బ

షాపింగ్‌లో ఆయనకు తగిలిన పెద్ద దెబ్బ మాత్రం జాకబ్ డైమండ్. సింహాసన కారు కథకు ముందు ఇది తెలియాలి. ఎందుకంటే డబ్బు, అధికారం, పరువు మూడూ ఎలా ముడిపడి ఉండేవో ఈ కేసులో బాగా కనిపిస్తుంది.

సిమ్లాలో పేరుమోసిన రత్నాల వ్యాపారి అలెగ్జాండర్ మాల్కమ్ జాకబ్. 184.75 క్యారెట్ల వజ్రం ఒకటి తెప్పిస్తానని 1891లో నిజాంకు చెప్పాడు. బేరం 46 లక్షల రూపాయల దగ్గర కుదిరింది. అందులో సగం, అంటే 23 లక్షలు డిపాజిట్‌గా కట్టారు. కోటి కూడా లేదు కదా అనుకోవద్దు, ఆ కాలపు 23 లక్షలు అవి! తీరా వజ్రం వచ్చాక నిజాం వద్దన్నారు. ఖజానా పరిస్థితి బాగాలేనప్పుడు ఇంత ఖర్చేంటని రెసిడెంట్ అడ్డు చెప్పడం దీని వెనుక ఉంది. జాకబ్ డబ్బు తిరిగివ్వలేదు. కేసు కలకత్తా హైకోర్టుకు చేరింది.

దేశంలో అందరికంటే పెద్ద రాజు ఓ వ్యాపారి మీద పెట్టిన కేసులో సాక్షిగా ప్రశ్నలకు సమాధానాలు చెప్పుకోవాల్సి వచ్చింది. కోర్టుకు వెళ్లలేదు, కమిషన్‌నే ఇక్కడికి పిలిపించారు. అయినా అవమానం అవమానమే. చివరికి జాకబ్ నిర్దోషిగా బయటపడ్డాడు. సెటిల్మెంట్ తర్వాత వజ్రం నిజాం దగ్గరే మిగిలింది. ఇష్టంగా కొందామనుకున్న వస్తువు కాస్తా ముఖం చూడబుద్ధి కాని వస్తువైపోయింది.

తర్వాత ఆ వజ్రం ఎక్కడ దొరికిందో తెలుసా? తండ్రి చనిపోయాక ఉస్మాన్ అలీ ఖాన్‌కు చౌమహల్లాలో ఓ చెప్పు ముందు భాగంలో కనిపించిందని చెబుతారు. ఆయన దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా పేపర్‌వెయిట్‌గా వాడారు. 1995లో భారత ప్రభుత్వం దాదాపు 218 కోట్ల రూపాయలకు కొన్న 173 నిజాం నగల్లో ఇదీ ఒకటి. తండ్రి తెచ్చిన ఆడంబరం కొడుకు చేతిలో ఏమవుతుందో ఈ వజ్రం ముందే చెప్పేసింది.

బేరార్ పోయింది.. వరద వచ్చింది

1902లో అంతకన్నా పెద్ద దెబ్బ. పత్తి పండే బేరార్ ప్రాంతం అప్పటికే దశాబ్దాలుగా బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉంది. పేరుకు నిజాందే. వైస్రాయ్ లార్డ్ కర్జన్ వచ్చి మాట్లాడి, ఏడాదికి 25 లక్షల రూపాయల కౌలు మీద దాన్ని శాశ్వతంగా రాయించుకున్నారు. తిరిగి తెచ్చుకుంటామన్న హైదరాబాద్ ఆశలకు అక్కడితో తెర పడింది. ఆ మరుసటి జనవరిలోనే కర్జన్ ఢిల్లీలో పెట్టిన దర్బారుకు మహబూబ్ అలీ వెళ్లి, మిగతా సంస్థానాధీశుల మధ్య కూర్చోవాల్సి వచ్చింది. మర్యాదలకు లోటు లేదు. 21 తుపాకుల సలామీ ఉంది. ఏనుగులున్నాయి, వజ్రాలున్నాయి. చేతిలో ఉండాల్సిన నిర్ణయం మాత్రం లేదు.

అలాగని ఆయన కాలం అంతా నష్టాల జాబితా కాదు. సికింద్రాబాద్ నుంచి వాడి వరకు 1874లోనే రైలు వచ్చింది. 1889కి అది బెజవాడ దాకా చేరింది. సింగరేణి బొగ్గు బయటికొచ్చింది ఆ రోజుల్లోనే. 1891లో ఆసఫియా లైబ్రరీ, 1907లో ఆడపిల్లల కోసం మహబూబియా స్కూల్. పాలమూరును మహబూబ్‌నగర్ అని పిలవడం మొదలైంది కూడా ఆయన పేరు మీదే. 1901 నుంచి ప్రధానిగా ఉన్న మహారాజా కిషన్ పర్షాద్ ఆయనకు సన్నిహితుడు.

ఆ తర్వాత 1908 సెప్టెంబర్ 28. మూసీకి వచ్చిన ఆ వరదను హైదరాబాద్ ఇప్పటికీ మర్చిపోలేదు. వంతెనలు మునిగాయి, కోల్సావాడీ, అఫ్జల్‌గంజ్ లాంటి బస్తీలు తుడిచిపెట్టుకుపోయాయి. మృతులు 15 వేల వరకు ఉంటారని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది.

మహబూబ్ అలీ ప్యాలెస్ తలుపులు తెరిపించారు. ఇళ్లు పోయినవాళ్లకు అందులో చోటిచ్చారు, వంటశాలలు పెట్టించారు. పంతుళ్లు చెప్పినట్టు మూసీ ఒడ్డుకు వెళ్లి నదికి పూజ చేశారని పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మరుసటి ఏడాదే ఇంజినీర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఆయన ప్లాన్‌లోవే. 1920లో ఒకటి, 1927లో మరొకటి పూర్తయ్యాయి. అంటే కారు ఒక్కటే కాదు.. జలాశయాలు కూడా తండ్రి మొదలుపెడితే కొడుకు చేతికి అందినవే. నగరానికి ఏది ఎక్కువ ఉపయోగపడిందో వేరే చెప్పక్కర్లేదు!

ఇంతకీ ఆ కారు ఎలా తయారైంది?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 1911. మహబూబ్ అలీకి అప్పటికి 45 ఏళ్లు. ఆయన దగ్గర కార్లు లేకపోలేదు. 1906 నాటి నేపియర్ కారు చౌమహల్లా కలెక్షన్‌లో ఇప్పటికీ ఉంది. కానీ అప్పట్లో ప్రపంచంలోనే బెస్ట్ కారు అని పేరున్నది ఒకటే.. రోల్స్ రాయిస్ 40/50 హెచ్‌పీ. దాన్నే 'సిల్వర్ ఘోస్ట్' అంటారు.

ఇక్కడ ఓ సంగతి తెలుసుకోవాలి. ఇలాంటి కార్లను ఇప్పటిలా షోరూంకు వెళ్లి మొత్తంగా కొనుక్కోవడం ఆ రోజుల్లో ఉండేది కాదు. రోల్స్ రాయిస్ కంపెనీ డెర్బీ ఫ్యాక్టరీలో చాసిస్ మాత్రమే చేసేది. అంటే ఫ్రేము, ఇంజిన్, గేర్‌బాక్స్, చక్రాలు, స్టీరింగ్, ముందు రేడియేటర్. అంతే. సీటు లేదు, డోరు లేదు, పైకప్పు లేదు. ఈ అస్థిపంజరానికే వెయ్యి పౌండ్లకు కాస్త తక్కువ ధర. దాన్ని కొని, తనకు నచ్చిన బాడీ బిల్డర్ దగ్గరికి పంపి, ఒంటికి కొలతలు ఇచ్చి బట్టలు కుట్టించుకున్నట్టు కారు కుట్టించుకోవాలి. వార్డ్‌రోబ్ కోసం హాలు కట్టించుకున్న మనిషికి ఈ పద్ధతి తెగ నచ్చి ఉంటుంది!

నిజాం ఆర్డర్ వెళ్లింది లండన్‌లోని బార్కర్ కంపెనీకి. 1710లో మొదలైన షాపు అది. మోటార్లు పుట్టకముందు రెండు వందల ఏళ్లు రాజులకు, ప్రభువులకు గుర్రపు బగ్గీలు చేసిన చేతులు. 'సిల్వర్ ఘోస్ట్' అనే పేరు ఏ కారుకైతే మొదట పెట్టారో, ఆ వెండి రంగు కారుకు బాడీ కట్టింది కూడా వీళ్లే.

పని ఎలా జరిగేదంటే.. ముందు కస్టమర్ చెప్పినదాన్ని బట్టి డ్రాయింగ్ వేస్తారు. కస్టమర్ ఒప్పుకోవాలి. లండన్ నుంచి హైదరాబాద్‌కు ఓడలో కాగితం రావాలంటేనే వారాలు పట్టే కాలం. తర్వాత యాష్ అనే గట్టి కలపతో ఫ్రేము కడతారు. దాని మీద అల్యూమినియం రేకును సుత్తితో చిన్నగా కొడుతూ వంపులు తెస్తారు. ఒక్క డోరు వంపు సరిగ్గా రావడానికే రోజులు పడుతుంది. ఆ తర్వాత పెయింట్. ఇప్పటిలా స్ప్రే గన్ లేదు. బ్రష్‌తో ఒక కోటు వేయడం, ఆరనివ్వడం, రుద్దడం, మళ్లీ వేయడం. ఇలా ఎన్నో కోట్లు. పైన వార్నిష్. దుమ్ము రేణువు పడితే మళ్లీ మొదటికే. చివర్లో లోపలి బట్ట, కుషన్లు, అద్దాలు, లోహపు ఫిట్టింగులు.

మహబూబ్ అలీకి చేసింది మాత్రం ఇంకో లెవెల్. లేత నిమ్మపండు లాంటి పసుపు రంగు. ఆసఫ్‌జాహీ జెండా పసుపే కదా. పైకప్పు గుమ్మటం ఆకారంలో. బంగారు పూత ఫిట్టింగులు, లోపల పట్టు జరీ. వెనుక భాగంలో మామూలు సీటు బదులు ఎత్తైన సింహాసనం లాంటి ఆసనం. తోడు వచ్చేవాళ్లకు కింది స్థాయిలో చిన్న సీట్లు. అందుకే దీనికి 'థ్రోన్ కార్' అనే పేరు వచ్చింది.

ఎత్తు ఎందుకన్నది ఆలోచిస్తే అర్థమవుతుంది. ఏనుగు అంబారీ మీద వెళ్లే రాజు వీధి చివరి మనిషికి కూడా కనిపిస్తాడు. బగ్గీలోనూ కనిపిస్తాడు. మోటారు కారు వచ్చేసరికి రాజు కాస్తా డబ్బాలో కిందికి కూర్చుండిపోతాడు. జనానికి కనిపించని రాజు ఏం రాజు? బేరార్ పోయినా, ప్రతి ఖర్చుకూ రెసిడెంట్ లెక్క అడుగుతున్నా, ఊరేగింపులో మాత్రం నిజాం నిజామే. ఆ ఒక్కచోటైనా ఎత్తు తగ్గకూడదు. గుమ్మటం, సింహాసనం కేవలం సోకు కోసం పెట్టించుకున్నవి అనిపించడం లేదు అందుకే.

ఇంజిన్ సంగతి చెప్పకపోతే కార్ల ప్రియులు ఊరుకోరు. ఆరు సిలిండర్లు. 1909 తర్వాతి సిల్వర్ ఘోస్ట్‌ల ఇంజిన్ సైజు 7,428 సీసీ. అంటే దాదాపు ఏడున్నర లీటర్లు! 1970లో అమెరికాను ఊపేసిన మజిల్ కారు షెవర్లే షెవెల్ ఎస్ఎస్ 454లోనూ ఇంజిన్ దాదాపు అంతే సైజు. తేడా పవర్‌లో. షెవెల్ టాప్ వెర్షన్‌కు కంపెనీ చెప్పింది 450 హార్స్ పవర్. సిల్వర్ ఘోస్ట్‌ది యాభైకి అటూ ఇటూ. ఎందుకింత తేడా? ఒకటి రేసు కోసం పుట్టింది. ఇంకోటి శబ్దం లేకుండా, కుదుపు లేకుండా, టాప్ గేర్‌లోనే మనిషి నడిచేంత మెల్లగా కూడా వెళ్లడం కోసం పుట్టింది. బ్యాండు వెనకాల, జనం మధ్యలో, ఇంజిన్ ఆగిపోకుండా గంటల తరబడి సాగాల్సిన ఊరేగింపుకు అంతకన్నా మంచి ఇంజిన్ ఆ రోజుల్లో లేదు. బ్రేకులు మాత్రం వెనుక చక్రాలకే. ఆ రోజుల్లో చాలా కార్లకు అంతే.

ఆగస్టు 29

ఆ ఏడాదే ఆగస్టులో ఫలక్‌నుమా ప్యాలెస్‌లో మహబూబ్ అలీ ఆరోగ్యం ఒక్కసారిగా దెబ్బతింది. మద్యం అలవాటు ఆయన ఒంటిని ఎప్పటినుంచో తినేస్తోందని చరిత్రకారులు రాశారు. స్పృహ తప్పింది. 1911 ఆగస్టు 29న కన్నుమూశారు. మక్కా మసీదు ఆవరణలో పూర్వీకుల సమాధుల పక్కనే ఖననం చేశారు. జనం వీధుల్లోకొచ్చి ఏడ్చారంటారు. పాము కాటుకు ఆయన పేరు తలచుకున్నవాళ్లు, వరదప్పుడు ఆయన ప్యాలెస్‌లో తలదాచుకున్నవాళ్లు అందులో ఎందరున్నారో.

నాలుగు నెలలు తిరక్కుండానే, డిసెంబర్‌లో ఢిల్లీలో ఐదో జార్జ్ చక్రవర్తి దర్బార్ జరిగింది. హైదరాబాద్ తరఫున వెళ్లింది పాతికేళ్ల ఉస్మాన్ అలీ ఖాన్. బార్కర్ షాపులో కారు పని ఇంకా నడుస్తోంది. 1912 నాటి బండిగా లెక్కలోకి ఎక్కిన ఆ కారు సిద్ధమై వచ్చేసరికి, దాన్ని ఊహించిన మనిషి లేడు. రంగు ఆయన కోసం. కొలతలు ఆయన కోసం. కూర్చోవాల్సింది మాత్రం ఇంకొకరు.

కొడుకు వేరు..

ఉస్మాన్ అలీ ఖాన్ తండ్రికి పూర్తిగా వ్యతిరేకం. ప్రపంచంలోనే అత్యంత ధనవంతుడని పేరొచ్చినా, నలిగిన షేర్వానీ, పాత టోపీ, పాత ఫోర్డ్ టూరర్ కారుతో కాలం గడిపేసిన మనిషి. పిసినారి అన్నారు కొందరు, నిరాడంబరుడు అన్నారు ఇంకొందరు. చదువుకు మాత్రం చెయ్యి వెనక్కి తీయలేదు. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ పెట్టారు. మొదట గన్‌ఫౌండ్రీలోని అద్దె భవనాల్లో క్లాసులు నడిచాయి. తర్వాత అడిక్‌మెట్ వైపు, ఇప్పటి తార్నాక పక్కన, వెయ్యి ఎకరాలకు పైగా స్థలం చూశారు. 1934లో ఆర్ట్స్ కాలేజీకి శంకుస్థాపన, 1939లో ప్రారంభం. రామంతాపూర్ నుంచి సిటీలోకి వెళ్లేవాళ్లకు ఆ గులాబీ రంగు రాతి భవనం ఇప్పటికీ ఓ కొండగుర్తు.

మరి పసుపు రంగు సింహాసన కారు? రాచ లాంఛనాలకు, పెద్ద సందర్భాలకు మాత్రమే బయటికి తీసేవారు. మిగతా కాలమంతా షెడ్డులోనే. ఫలితం.. మూడు దశాబ్దాలకు పైగా అది తిరిగిన దూరం సుమారు 356 మైళ్లు అని లెక్క తేలింది. మన లెక్కలో దాదాపు 573 కిలోమీటర్లు. రామంతాపూర్ నుంచి చార్మినార్‌కు రోజూ బైక్ మీద వెళ్లొచ్చే ఉద్యోగి నెల రోజులు తిరక్కుండానే ఆ మీటరు దాటేస్తాడు!

ప్రపంచంలో ఏడు వేల ఎనిమిది వందలకు పైగా సిల్వర్ ఘోస్ట్‌లు తయారయ్యాయి. కొన్ని లక్షల మైళ్లు తిరిగాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో కొన్నింటికి ఉక్కు కవచాలు తొడిగి ఎడారుల్లో యుద్ధానికి పంపారు. హైదరాబాద్ కారు మాత్రం కొత్తదనం పోకుండానే ముసలిదైపోయింది.

1948లో హైదరాబాద్ రాజ్యం భారత్‌లో కలిసింది. 1967లో ఉస్మాన్ అలీ ఖాన్ కన్నుమూశారు. ఆ తర్వాత వారసుల మధ్య ఆస్తి తగాదాలు, కోర్టు కేసులు. ప్యాలెస్‌ల తలుపులకు ఏళ్ల తరబడి తాళాలు. లోపల ఫర్నిచర్‌కు చెద, షెడ్లలో కార్లకు తుప్పు. సింహాసన కారుకూ దుమ్ము తప్పలేదు. ఎనిమిదో నిజాం ముకర్రం జాకు మాజీ భార్య అయిన ప్రిన్సెస్ ఎస్రా తిరిగొచ్చి చౌమహల్లా మరమ్మతులు తలకెత్తుకునే దాకా ఇదే పరిస్థితి. 2005లో ప్యాలెస్‌ను జనం కోసం తెరిచారు. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది. కారును కూడా బాగు చేయించారు. అంటే ఒకసారి లండన్‌లో కొత్తగా కట్టిన బండికి, మళ్లీ ఇక్కడ రెండోసారి ప్రాణం పోయాల్సి వచ్చిందన్నమాట.

పాత కార్లను పునరుద్ధరించే మెకానిక్‌లు తరచూ చెప్పే మాట ఒకటుంది. ఎక్కువ తిరిగిన బండి కంటే, ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్న బండిని లేపడమే కష్టమట. రబ్బరు ఎండిపోతుంది, పెట్రోల్ ట్యాంకులో పొలుసులు కడతాయి, కలప ఫ్రేములోకి చెమ్మ దిగుతుంది. 356 మైళ్ల బండి అంటే వినడానికి బాగుంటుంది, విప్పి చూసేవాడికి మాత్రం కాదు.

ఇప్పుడు ఎక్కడ చూడొచ్చు?

చార్మినార్ నుంచి లాడ్ బజార్ మీదుగా నడిస్తే పది నిమిషాల్లో చౌమహల్లా ప్యాలెస్. ఖిల్వత్ హాలు షాండ్లియర్లు చూసి అక్కడే ఆగిపోవద్దు. వెనుక వైపు పాత బగ్గీలు, నేపియర్, నిజాంల మిగతా కార్ల మధ్య ఈ పసుపు రంగు రోల్స్ రాయిస్ కనిపిస్తుంది. ముట్టుకోవడానికి వీల్లేదు. కాస్త వంగి పక్కనుంచి చూస్తే లోపలి ఎత్తైన ఆసనం కనబడుతుంది. బట్టల వార్డ్‌రోబ్ కూడా చూడాలనుకుంటే అక్కడికి దగ్గర్లోనే ఉన్న పురానీ హవేలీ నిజాం మ్యూజియంకు వెళ్లొచ్చు. రెండూ ఒకే రోజులో అయిపోతాయి. అన్నట్టు, శుక్రవారం మాత్రం పెట్టుకోకండి. ఆ రోజు సెలవు.